పెరటి ఆకులు – ఫ్రీజరు



మన మారిషస్‌లో నవంబరు నుంచి మే నెల సగం వరకు తుఫానుల కాలం. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధులు జలమయమైన సంగతి మీ ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. అటువంటి వానలకు కొత్తిమీర వంటి లేత మొక్కలు నేలకొరుగుతాయి. ఆ తరువాత బజారులో కొత్తిమీర కట్ట ఎంత చిన్నదవుతుందో, దాని ధర ఎంత పెద్దదవుతుందో మీ అమ్మగారికి బాగా తెలుసు. అందుకే పెరట్లో ఆకు దండిగా ఉన్నప్పుడే దాచుకోవాలి. ఎలా దాచాలో ఈ పూట చెప్పుకొందాం.

ఎండబెట్టవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నీడన ఎండిన కరివేపాకు పొడి కొట్టుకోవడానికి బాగానే పనికివస్తుంది. కొత్తిమీర అలా కాదు. ఎండితే దాని వాసన చాలావరకు పోయి గడ్డిపరకలా మిగులుతుంది. దానికి ఫ్రీజరే తగినది.

ఫ్రీజరులో ఏమి జరుగుతుంది? ఆకులో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు కంటికి కనపడని చిన్న చిన్న గదులలో ఉంటుంది. వాటినే కణాలంటారు. నీరు గడ్డకట్టితే ఉబ్బుతుంది. అప్పుడు మంచు మొనలు కణాల గోడలను చీలుస్తాయి. అందుకే బయటికి తీసి కరగనిస్తే ఆకు మెత్తబడి, రంగు మారి, తడిగుడ్డలా అవుతుంది. అది చూసి పారవేసేవారు ఉన్నారు. అది తొందరపాటు. పోయింది రూపమే గాని పరిమళం కాదు. అన్నం మీద అందంగా చల్లడానికి ఆ ఆకు పనికిరాదు. పప్పులో, చారులో, పచ్చడిలో వేస్తే దానికి సాటి లేదు.

కొత్తిమీరను రెండు మూడు నీళ్లలో కడగండి. చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే గాని చంపదు. కనుక కడగడంలో బద్ధకం కూడదు. గుడ్డమీద ఆరనిచ్చి, వేళ్లు తీసివేసి, పెద్దవారిచేత సన్నగా తరిగించండి. లేత కాడలు పారవేయవద్దు, వాటిలోనూ మంచి వాసన ఉంది. ఐసు ముక్కలు చేసే పళ్లెం గుంటలలో తరుగు నింపి, మునిగేటంత నీరు పోసి, రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. మరునాడు ఆ ముక్కలను సంచిలో వేసి, గాలి పిండివేసి, మూతి బిగించండి. బిగించకపోతే ఆకు తేమ పోతుంది, పక్కనున్న ఐస్‌క్రీముకు కొత్తిమీర వాసన పడుతుంది! చారు మరుగుతుండగా ఒక ముక్క వేస్తే చాలు. గాతో పిమాలకైతే ముందుగా కరిగించి నీరు పిండివేయాలి, లేకుంటే పప్పు ముద్ద జారవుతుంది.

కరివేపాకుకు నీరు అక్కరలేదు. రెబ్బల నుంచి ఆకులు దూసి, కడిగి, తడి పూర్తిగా ఆరిన తరువాత డబ్బాలో పెట్టి మూత వేయండి. వాడేటప్పుడు కరిగించకుండా నేరుగా తాలింపులో వేస్తారు. ఆకుకు పట్టిన మంచు వల్ల నూనె చిటపట చిందుతుంది. ఆ పని పెద్దవారికే వదిలిపెట్టండి.

సంచిమీద తేదీతోపాటు ఆకు పేరు తెలుగులో రాయండి. మనం క్రియోలులో కొతొమిలి, కారిపులే అంటున్న మాటలు తమిళం నుంచి వచ్చినవి. తెలుగులో అవి కొత్తిమీర, కరివేపాకు. కొత్తిమీరలో త కింద త వత్తు మరచిపోకండి.

ఇక తుఫాను వచ్చి కరెంటు పోయిందనుకోండి. ఎలా ఉన్నాయో చూద్దామని మాటిమాటికీ ఫ్రీజరు తలుపు తీయవద్దు. నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు మూసి ఉంటే సుమారు 48 గంటలు చలిని నిలుపుకొంటుంది. సగమే నిండి ఉంటే సుమారు 24 గంటలు. కరెంటు వచ్చాక ముక్కలలో ఇంకా మంచు ఉంటే ఆ రోజే వంటలో వాడవచ్చు. పూర్తిగా కరిగి వెచ్చబడితే మాత్రం మొక్కల మొదట్లో పారవేయండి.