సైప్రస్‌లో ఇల్లు వెతికేముందు

హైదరాబాద్ కిషన్‌బాగ్‌లో ఇల్లు కిరాయికి తీసుకోవాలంటే ఏం చేస్తాం? గల్లీలో రెండుసార్లు తిరుగుతాం. నీళ్లెప్పుడొస్తాయి, మూసీ నది ఎంత దూరం అని అడుగుతాం. మరి సైప్రస్ వెళ్తూ, ఫొటో చూసి ఏడాదికి ఒప్పుకోవడమెందుకు? ముందు ఒక్క నెలకే గది తీసుకోండి. అక్కడ రైళ్లు లేవు, బస్సే దిక్కు. పనిచోటుకు బస్సుందా అన్నది చూసుకోండి. రాజధాని నికోసియాకు సముద్రం లేదు. అక్కడి జులై ఎండకు మన మే నెల గుర్తొస్తుంది. లిమసోల్ నగరం తీరాన ఉంది, కిరాయిలూ ఘాటే. ఇంకో మాట. 1974 నుంచి ఆ ద్వీపం రెండు ముక్కలు. ఇల్లు ఆ ముక్కల్ని విడదీసే గీతకు ఏ పక్కనుందో తప్పక అడగండి. మళ్లీ చెబుతున్నా, ముందు నెలకే గది. ఆ నెలలోనే నచ్చిన వీధులన్నీ తిరగండి, రాత్రిపూట కూడా.