కార్యాలయంలో నాయకత్వం - ఒక గుమాస్తా అనుభవాలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మహమ్మద్‌నగర్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యాలయంలో నాయకత్వం, ఉద్యోగి ఎదుగుదల అనే విషయంపై నన్ను మాట్లాడమన్నారు. నాయకత్వం గురించి కలెక్టర్లు మాట్లాడాలి గాని గుమాస్తా ఏం మాట్లాడతాడని మొదట సంకోచించాను. తర్వాత ఆలోచిస్తే, ముప్పై ఏడేళ్లు ఇతరుల నాయకత్వం కింద పనిచేసినవాణ్ణి, దాని మంచిచెడ్డలు నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తాయి అనిపించింది.

మా మనుమరాలు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తున్నది. మొన్న పండుగకు వచ్చి, "తాతా, మా ఆఫీసులో ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ మీద రెండు రోజుల శిక్షణ పెట్టారు" అన్నది. మనకు తెలిసిన ఎంగేజ్‌మెంటు ఒక్కటే. "వరుడెవరమ్మా?" అన్నాను. ఇల్లంతా నవ్వింది. తర్వాత వివరించింది. ఉద్యోగి జీతం కోసమే కాక, ఈ పని నాది అనుకొని మనసు పెట్టి చేయడమట. ఆ మాట మాకు తెలియదు గాని, ఆ సంగతి తెలుసు.

మన పక్కనే నిజాంసాగర్ ఉన్నది. మంజీరా మీద ఆ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు పిల్లలకు కూడా తెలుసు. ఆయన జయంతి జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా 2014 నుండి జరుపుకుంటున్నాము. అంతటి ప్రాజెక్టు కట్టినా, రాత్రిపూట తూము దగ్గరికి పోయి షట్టరు తిప్పే లస్కరు తన పని తాను చేయకపోతే చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు అందవు. ఆ లస్కరు చేత పని మనసుపెట్టి చేయించేదే నాయకత్వమని నా అభిప్రాయం.

ఇక నా అనుభవానికి వస్తాను. 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. అప్పుడు నేను కొత్తగా పెట్టిన ఒక మండల కార్యాలయంలో గుమాస్తాను. అద్దె ఇల్లు, రెండు బీరువాలు, గోడ వెంట గుట్టలుగా పోసిన దస్తరాలు. ఏ ఊరిది ఏ మూటలో ఉన్నదో తెలియదు. పాత పహాణీలలో కొన్ని ఉర్దూలో ఉన్నాయి. మాలో ఉర్దూ చదివేవారు లేరు. రైతు వచ్చి నకలు అడిగితే "రేపు రా" అనడం తప్ప మాకు దారి లేకపోయింది.

అప్పుడు వచ్చిన మండల రెవెన్యూ అధికారి మొదటి రోజున మమ్మల్నందరినీ పిలిచారు. అటెండరును కూడా పిలిచారు. మెమోలు ఇస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాము. ఆయన, "ఇక్కడ పని ఎందుకు ఆగుతున్నదో నాకంటే మీకే బాగా తెలుసు. ఒక్కొక్కరు చెప్పండి" అన్నారు. నా సర్వీసులో ఒక అధికారి నన్ను సలహా అడగడం అదే మొదలు. ఉర్దూ సంగతి వచ్చేసరికి, వెనుక నిలబడ్డ మా అటెండరు మెల్లగా, "నేను నాలుగో తరగతిదాంక ఉర్దూల చదివిన సార్" అన్నాడు.

ఆయనతో నాకు అప్పటికే ఏళ్ల పరిచయం. చాయ తెమ్మన్నాము, బస్తాలు మోయించాము. నీకేం చదువు వచ్చునని ఒక్కనాడూ అడగలేదు. అధికారి ఆయనకు ఒక కుర్చీ వేయించారు. ఆయన చదువుతుంటే మేము తెలుగులో రాసుకున్నాము. మూడు నెలల్లో దస్తరాలన్నీ ఊరివారీగా బీరువాలకెక్కాయి. ఆ తర్వాత ఆయన మనిషే మారిపోయాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చేవాడు. ఆయనకు జీతం పెరగలేదు, హోదా పెరగలేదు. తాను కూడా ఒక పనికి కావలసినవాణ్ణని తెలిసింది, అంతే.

ఆ అధికారే నన్ను డిపార్టుమెంటల్ పరీక్షలకు కూర్చోబెట్టారు. సాయంత్రం ఆరు దాటాక అరగంట రెవెన్యూ టెస్టు, అకౌంట్స్ టెస్టు పాఠాలు చెప్పేవారు. ఆ పరీక్షలు పాసైనందువల్లనే నాకు తర్వాత పదోన్నతులు వచ్చాయి. ఈనాడు నేను తీసుకుంటున్న పెన్షనులో ఆయన సాయంత్రాలు కొన్ని కలిసి ఉన్నాయి.

ఇంతవరకు చెప్పింది బాగానే ఉన్నది. ఇకమీద చెప్పేది నా తప్పు. ఇన్నేళ్లు ఇంట్లో కూడా చెప్పలేదు.

1998లో నేను మరొక కార్యాలయంలో సూపరింటెండెంటును. నా సెక్షనులో ఒక కుర్రవాడు జూనియర్ అసిస్టెంటు. తండ్రి సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం కింద వచ్చాడు. ఒకరోజు నోటు తప్పుగా పెట్టాడని, బయట పని మీద వచ్చిన జనం వినేటట్లు, "తండ్రి పేరు చెప్పుకొని వచ్చినవాళ్లకు పనెట్లా వస్తుంది?" అన్నాను. వాడు తల వంచుకున్నాడు. ఆ తర్వాత ఏనాడూ నా టేబుల్ దగ్గరికి వచ్చి సందేహం అడగలేదు. బుద్ధిమంతుడయ్యాడనుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఒకామె వచ్చింది. చనిపోయిన మా అటెండరు భార్య. "సారూ, మా ఆయన కాయితం ఏడిదాంక వచ్చింది?" అని అడిగింది. ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఎప్పుడో పోయి ఉంటాయనుకున్నాను. విచారిస్తే అవి ఆ కుర్రవాడి బీరువాలోనే ఉన్నాయి. సర్వీసు రిజిస్టరులో రెండు సంవత్సరాల వెరిఫికేషన్ నమోదు లేదు. పాత పే బిల్లులు చూసి నమోదు చేయించాలని వాడికి తెలియదు. "ఎందుకడగలేదురా?" అంటే, "మీరు కోపం జేస్తరని భయమైంది సార్" అన్నాడు.

నెలనెలా సెక్షను పర్సనల్ రిజిస్టరు మీద సంతకం పెట్టింది నేనే. పెండింగు కాలం కూడా చదవకుండా పెట్టాను. ఆ రోజే ఇద్దరం కూర్చొని పే బిల్లులు వెతికాము. వారంలో ప్రతిపాదనలు పంపాము. కొన్నాళ్లకు ఆమెకు బకాయిలతో సహా పెన్షను వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చినప్పుడు, "ఇంకేమి బాధ లేదు గదమ్మా?" అన్నాను. "బర్రెను అమ్మిన సారూ. పైసలొచ్చినయి గని బర్రె రాదు గద" అని నవ్వింది. ఆమె నవ్వింది గాని నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షను ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రోజునే మనం ఈ పండుగ చేసుకుంటున్నాము. అంత గొప్ప తీర్పు ఉండి కూడా ఒక పేదరాలి హక్కు ఎనిమిది నెలలు నా సెక్షను బీరువాలో ఆగిపోయింది. కారణం నిధులు లేక కాదు, నియమం లేక కాదు. నేను పదిమందిలో అన్న ఒక మాట. నిజాంసాగర్‌లో పూడిక ఒక్కరోజులో కనపడలేదు. ఏళ్ల తరబడి పేరుకున్నాక నీటి నిల్వ తగ్గిందని తెలిసింది. ఆఫీసులో భయం కూడా అటువంటిదే. పైకి అంతా నిశ్శబ్దంగా, క్రమశిక్షణగా కనపడుతుంది. లోపల పని ఆగి ఉంటుంది.

మర్నాడు అదే జనం ముందు ఆ కుర్రవాణ్ణి పిలిచి, నాది తప్పని చెప్పాను. చాలా కష్టమనిపించింది. ఆ తర్వాత ప్రతి సోమవారం సెక్షనులో అందరినీ పది నిమిషాలు కూర్చోబెట్టి, "ఏ కాగితం ఎక్కడ ఆగింది? నేనేం చేయాలి?" అని అడగడం మొదలుపెట్టాను. ఆ కుర్రవాడు పరీక్షలు పాసై, నా కంటే మంచి సూపరింటెండెంటు అయ్యాడు.

మన రాష్ట్రంలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారిని ఇక్కడ స్మరించుకోవాలి. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం రావడం వేరు, అది వెట్టివాడి గుడిసెదాకా పోవడం వేరు. దాన్ని అక్కడిదాకా తీసుకుపోవాలని ఆయన పట్టుబట్టారు. కాగితానికి అవతల ఒక మనిషి ఉన్నాడని గుర్తుంచుకునే అధికారి ఉంటే, కింది ఉద్యోగికి కూడా ఆ మనిషి కనపడతాడు.

చివరగా ఒక విన్నపం. మన మహమ్మద్‌నగర్ ఇప్పుడు మండల కేంద్రం. ఆఫీసుల్లో కుర్రవాళ్లున్నారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి మన పాత పెన్షను పథకం కూడా వర్తించదు. కంప్యూటరు వాళ్లకు మనకంటే బాగా వచ్చు. కాని సర్వీసు రిజిస్టరు ఎట్లా చూడాలి, ఆగిన కాగితాన్ని ఎట్లా కదిలించాలి అనేవి మనకు వచ్చు. నెలకొక శనివారం మన సంఘం తరఫున ఇద్దరు ముగ్గురం కూర్చొని, అడిగినవారికి చెబుదాము. కోపం చేయకుండా చెబుదాము. మొదటి శనివారం నేను వస్తాను. ఇందుకు అధ్యక్షులవారు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను.