సీటు ఇచ్చారు, ఖర్చెవరు పెడతారు?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రిజర్వేషన్ అనగానే మనం సీటు గురించే మాట్లాడతాం. సీటు వెనక సర్కారు ఖజానా ఉందన్న సంగతి మరిచిపోతాం. ఖజానాకు తాళం పడితే సీటు ఉత్త కాగితమే. ఈ ముక్క అర్థం కావాలంటే బ్రెజిల్ దేశాన్నీ మన దేశాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

బ్రెజిలే ఎందుకు? అక్కడ నల్లజాతి జనాన్ని వందల ఏళ్లు బానిసలుగా తోటల్లో, గనుల్లో అరగదీశారు. 1888లో బానిసత్వం రద్దయింది. రద్దయిననాడు వాళ్ల చేతికి భూమీ రాలేదు, చదువూ రాలేదు. మన వాడల కథకు దగ్గరి కథే.

ఆ దేశం 1988లో రాసుకున్న రాజ్యాంగంలో రెండు మాటలున్నాయి. ఒకటి: సర్కారు విద్యాసంస్థల్లో చదువు ఉచితం. బడి ఒక్కటే కాదు, యూనివర్సిటీ డిగ్రీ కూడా. డాక్టరు చదివినా ఫీజు లేదు. రెండు: పన్నుల రాబడిలో కేంద్రం నూటికి 18, రాష్ట్రాలూ మునిసిపాలిటీలూ నూటికి 25 తగ్గకుండా చదువుకు పెట్టాలి.

మరి మన దగ్గర? జాతీయాదాయంలో నూటికి 6 చదువుకు పెట్టాలని 1966లో కొఠారి కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే 6 అంది. యాభై నాలుగేళ్లు గడిచినా అంకె మారలేదు, అక్కడికి చేరిందీ లేదు. వాళ్లది రాజ్యాంగంలో రాత. మనది కమిషన్ నోటి మాట. మన రాజ్యాంగం 46వ అధికరణం దళితుల, ఆదివాసుల చదువు చూడమని ప్రభుత్వానికి చెబుతుంది. కానీ అది ఆదేశిక సూత్రం. కోర్టుకెక్కి అమలు చేయించుకోలేం.

అట్లాగని బ్రెజిల్‌ను స్వర్గం అనుకోవద్దు. ఆ ఉచిత యూనివర్సిటీల్లో చాలాకాలం కూచున్నదెవరు? ఖరీదైన ప్రైవేటు బళ్లలో చదివి ఎంట్రన్సు దాటిన కలిగినోళ్ల పిల్లలు, ఎక్కువమంది తెల్లవాళ్లు. నల్లవాళ్లు కట్టిన పన్నుతో వాళ్లు చదివారు. నల్లవాళ్ల పిల్లల్లో చదవగలిగినవాళ్లు ప్రైవేటు కాలేజీలకు ఫీజులు కట్టుకున్నారు. కాబట్టి ఎంత ఖర్చు పెట్టారని అడిగితే చాలదు, ఎవరి మీద పెట్టారనీ అడగాలి.

వాళ్ల నల్లజాతి ఉద్యమం అదే అడిగింది. 2012లో అక్కడి సుప్రీంకోర్టు కోటాలు న్యాయమేనని ఏకగ్రీవంగా తేల్చింది. అదే ఏడు చట్టం వచ్చింది. కేంద్ర యూనివర్సిటీల్లో సగం సీట్లు సర్కారు హైస్కూళ్లలో చదివినవాళ్లకే. అందులో నల్లవాళ్లకు, మిశ్రమజాతివాళ్లకు, ఆదివాసులకు ఆ రాష్ట్ర జనాభాలో ఎంత ఉంటే అంత వాటా. 2016లో పాలకులు రాజ్యాంగాన్నే సవరించి ఖర్చుకు ఇరవై ఏళ్ల తాళం వేశారు. విద్యార్థులు బళ్లనూ కాలేజీలనూ ఆక్రమించి పోరాడారు. 2023లో ఆ తాళం తీసి వేరే పద్ధతి పెట్టారు.

అక్కడ ఉచిత చదువు ముందు, కోటా తర్వాత. మన దగ్గర కోటా ముందొచ్చింది, ఖర్చు వెనక్కి పోయింది. యూనివర్సిటీలు తమ ఖర్చులో నూటికి 15, ఆపైన 25 సొంతంగా సంపాదించుకోవాలని 1993లో యూజీసీ వేసిన పున్నయ్య కమిటీ చెప్పింది. 2021-22 సర్కారు సర్వే లెక్కల్లో కాలేజీల్లో నూటికి 78 ప్రైవేటు యాజమాన్యాలవే. అక్కడ కన్వీనర్ కోటాలో మనకు వాటా ఉంది, మేనేజ్‌మెంట్ కోటాలో లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే సర్టిఫికెట్ ఆగేది మన బిడ్డదే.

బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్నప్పుడు 1944లో మొదలైనదే మన స్కాలర్‌షిప్పు. 2020 డిసెంబరులో కేంద్రం దీనికి ఐదేళ్లకు 59 వేల కోట్లు ప్రకటించింది. కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 వంతు అంది. ప్రకటన పేపర్లో వచ్చింది. మన ఊరి పిల్లల ఖాతాలోకి ఎంత వచ్చింది?

అందుకే మూడు పనులు. వాడవాడా తిరిగి కాలేజీ పిల్లల బకాయిల జాబితా రాయండి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా సాంఘిక సంక్షేమ శాఖను లెక్క అడగండి. ఓటుకొచ్చినవాణ్ణి ఒక్కటే నిలదీయండి: సర్కారు కాలేజీ కొత్తది ఎక్కడ కట్టావు?

సీటు మన హక్కు. ఆ సీటు మీద పెట్టే ఖర్చూ మన హక్కే. జై భీమ్!