అమ్మానాన్నలిద్దరికీ ఒకే వారం ట్రైనింగ్

(సూరత్‌లో పనిచేస్తున్న మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్చి క్లోజింగ్ నెత్తిమీద పెట్టుకుని కూడా ఇంతమంది వచ్చారు, సంతోషం. ఏప్రిల్‌లో రాబోయే శిక్షణ క్యాలెండరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏ కోర్సు ఎన్ని రోజులు, ఎవరు అర్హులు అన్నది ఎలాగూ మీ మెయిల్‌కి వస్తుంది. నేను నామినేషన్ ఫారంలో గడి లేని ఒక విషయం మాట్లాడతాను. ఉద్యోగి రెండు వారాలు హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే, ఇంట్లో పిల్లల దగ్గర ఎవరుంటారు?

మా ఆవిడా మన బ్యాంకులోనే ఆఫీసరు. నాలుగేళ్ల క్రితం ఒక శుక్రవారం సాయంత్రం మా ఇద్దరికీ మెయిల్ వచ్చింది. ఇద్దరికీ క్రెడిట్ అప్రైజల్ మీదే, కాకపోతే వేర్వేరు ఊళ్లలో. నాకు ఆరు రోజులు, తనకి పది రోజులు. పై వారం సోమవారం రిపోర్టు చేయాలి. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు, బాబుకి నిండా రెండేళ్లు లేవు. ఎవరు మానుకోవాలన్న చర్చ మా ఇంట్లో అసలు జరగలేదు. అన్నం వడ్డిస్తూ, "మీరు వెళ్లి రండి, నేను రాసేస్తాలే" అంది. నేను పెట్టె సర్దుకున్నాను.

పోయిన ఏడాది నన్ను హెచ్‌ఆర్ డెస్కులో వేశారు. క్రెడిట్ పనికి పంపదగిన ఆఫీసర్ల జాబితా ఒకటి నా ముందుకొచ్చింది. తయారుచేసింది వేరొకరు, సరిచూసి సంతకం పెట్టాల్సింది నేను. అందులో మా ఆవిడ పేరు లేదు. కారణం సక్రమమే, ఆ శిక్షణ పొందలేదు. ఫైలు తిరగేస్తే మూడు నామినేషన్లు, మూడు చోట్లా ఒకటే మాట: 'వ్యక్తిగత కారణాలతో విముఖత'. ఆ మూడింట్లో రెండుసార్లు నేను ట్రైనింగ్‌లోనే ఉన్నాను. నా ఫైల్లో మాత్రం 'వ్యక్తిగత కారణాలు' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. నాకు పిల్లలు లేరేమో అనుకోవాలి, ఆ ఫైలు చూసినవాళ్లు! జాబితా మీద సంతకం పెట్టాను, నిబంధన ప్రకారం పెట్టక తప్పదు. ఇంటికెళ్లి చెబితే, "నాకు తెలుసు" అంది, అంతే.

గత జూలైలో తనకి మళ్లీ రెండు వారాల ప్రోగ్రాం వచ్చింది. ఈసారి వెళ్లాల్సిందే అనుకున్నాం. రెండో వారంలో నాకు నాలుగు రోజుల శిక్షణ వచ్చిపడింది. వాయిదా అడిగాను. ఆ కోర్సుకి అదొక్కటే బ్యాచి, కుదరదన్నారు.

మొదట మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ గుడివాడలో ఉంటుంది. విజయవాడ నుంచి సూరత్‌కి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ రోజూ ఉంది, దాదాపు ఒక రోజంతా ప్రయాణం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కింది బెర్త్ కావాలి. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తుంది, మనకి లెటర్ వచ్చేది వారం ముందు. ఇక బెర్త్ ఎక్కడ దొరుకుతుంది? అమ్మా అత్తయ్యగారూ ఉన్నారు కదా అని ఊళ్లో వాళ్లు తేలిగ్గా అంటారు గానీ, వాళ్లిద్దరూ ఉన్నది రెండు రాష్ట్రాలు దాటి.

తర్వాత క్రెష్‌ల కోసం వెతికాను. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ సౌకర్యం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చని చెప్పింది. మంచి చట్టం. కానీ అది తల్లి అదే ఊళ్లో, అదే ఆఫీసులో ఉన్నప్పటి సంగతి. నేను అడిగిన చోటల్లా సాయంత్రం ఏడింటికి తలుపులు వేసేస్తామన్నారు. రెసిడెన్షియల్ ట్రైనింగ్‌తో వచ్చే చిక్కు పగలు కాదండీ, రాత్రి. పగలు స్కూలుంది, ట్యూషనుంది, స్కూలు వ్యానుంది. రాత్రి తొమ్మిది తర్వాత పిల్లవాడు ఎవరి పక్కన పడుకుంటాడు? దీనికి ఏ సర్క్యులర్లోనూ జవాబు కనిపించలేదు.

జవాబు మా ఇంట్లో వంట చేసే ఆమె దగ్గర దొరికింది. వాళ్లది కరీంనగర్ వైపు, లింబాయత్‌లో ఉంటారు. భర్తకి పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల రాత్రి షిఫ్టు. నేను మొహమాటపడుతూ అడిగితే, "ఏంది సారూ, మా పిల్లల నడుమ మీ ఇద్దరు పండుకుంటే జాగ సరిపోదా?" అంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియంలో కూడా బడులు నడుపుతుందని మీలో ఎందరికి తెలుసు? ఆమె పిల్లలు చదివేది అలాంటి బడిలోనే. మా పిల్లలది సీబీఎస్‌ఈ, ఇంగ్లీషు. పైగా 2023లో వచ్చిన రాష్ట్ర చట్టంతో ఎనిమిదో తరగతి దాకా గుజరాతీ తప్పనిసరి. ఆ నాలుగు రోజుల్లో మావాడు నేర్చుకొచ్చిన తెలుగు మాత్రం అచ్చం తెలంగాణ తెలుగు. ఇప్పటికీ దేనికైనా "గట్లనా నాన్నా?" అంటాడు.

కానీ అంతా సాఫీగా జరగలేదు. మొదటి రోజే స్కూల్లో పిల్లల్ని ఆమెతో పంపలేదు. పికప్ కార్డు మీద ఆమె ఫొటో లేదు. స్కూలు వాళ్లది తప్పు కాదు, రాసివ్వని నాదే తప్పు. మూడో రాత్రి బాబుకి జ్వరం వచ్చింది. ఆమె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వైద్యం చేశాడు గానీ, "నువ్వు ఏమవుతావు? తల్లిదండ్రులేరి?" అని అడిగాడట. పదకొండుసార్లు ఫోన్ చేసింది. క్లాసులో సైలెంట్‌లో పెట్టిన ఫోను, అలాగే బ్యాగులో వదిలి నిద్రపోయాను. పొద్దున లేచి ఆ మిస్డ్ కాల్స్ చూసినప్పుడు నా పరిస్థితి చెప్పలేను. తెల్లారేసరికి జ్వరం తగ్గింది, అది మా అదృష్టం.

డబ్బివ్వబోతే ఆమె తీసుకోలేదు. చిన్న కూతురికి పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరిపించమంది. తెరిపించాను. రెండేళ్లు మా ఇంట్లో పనిచేసిన మనిషికి, బ్యాంకువాడినై ఉండి, ఈ ముక్క నేనే ముందు చెప్పాల్సింది.

ఇప్పుడు మీలో బ్రాంచి మేనేజర్లుగా ఉన్నవాళ్లకి నా విన్నపం. నామినేషన్ పంపేముందు ఉద్యోగిని అడగండి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, ఆ తేదీల్లో ఎవరు చూస్తారు అని. ఆడవాళ్లని మాత్రమే అడగొద్దు. వాళ్లని మాత్రమే అడిగితే ఆ ప్రశ్నే వాళ్లని ఇంట్లో కూర్చోబెడుతుంది, ఇది నా ఇంట్లోనే చూశాను. మగవాళ్లని కూడా అదే గొంతుతో అడగండి. భార్యాభర్తలిద్దరూ మన బ్యాంకే అయితే మాకు ఒక్క లైను రాయండి, తేదీలు కలవకుండా చూడటం మా పని. ఎవరైనా రాలేనంటే 'విముఖత' అని రాయకండి. 'పిల్లల ఏర్పాటు కుదరలేదు, తర్వాతి బ్యాచికి పంపగలరు' అని రాయండి. ఆ ఒక్క వాక్యంతో ఫైలు మారుతుంది. దీపావళికి ఇక్కడి బడులకి మూడు వారాలు సెలవులు. పిల్లల్ని ఊరికి పంపగలిగే రోజులవి, ఆ వారాల్లో బ్యాచి అడిగితే కొందరికి దారి దొరుకుతుంది. ఇక తేదీలు రెండు నెలల ముందు ఇవ్వమని పైవాళ్లకి నేను నోట్ పెట్టాను, జవాబు కోసం చూస్తున్నాను. రైలు టికెట్ తెరుచుకునే రోజుకైనా మన లెటర్ రావాలి కదా.

వెళ్లేవాళ్లు చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. పిల్లల్ని చూసేవాళ్ల పేరు, ఫొటోతో స్కూలుకి ఒక ఉత్తరం ఇవ్వండి. అత్యవసరమైతే వైద్యం చేయించవచ్చని తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి ఆ మనిషి చేతికివ్వండి. ట్రైనింగ్ సెంటర్ ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఇవ్వండి, మన ఫోన్లని నమ్మొద్దు.

చివరగా, ఈ హాల్లో ఇరవై ఆరు కుటుంబాలున్నాయి. ఒక కాగితం మీ వరసల్లోకి పంపుతున్నాను. ఎవరింట్లో రెండు రాత్రులు ఇద్దరు పిల్లలు పడుకోవచ్చో, ఏ ఏరియా, ఏ స్కూలు వ్యాను దగ్గరో రాయండి. మొదటి పేరు మా ఆవిడ రాసింది, రెండోది నాది. పెన్ను తిరిగి ఇవ్వడం మరిచిపోకండి.