‘ప్రికేరియస్’ – వేడుకోలునుండి పుట్టిన మాట

నమ్మరాని దానిని తెలుపు ఇంగ్లీషు మాటలు పెక్కు గలవు. వానిలో ‘ప్రికేరియస్’ అను దానిని నేడు విచారింతము. కరవుసీమల వర్షమును, సేద్యమును వర్ణించునపుడు ఈ మాట తరచుగా వచ్చుచుండును. ‘అనిశ్చితము’ అని తెలిగించుట పరిపాటి. కాని అంతటితో దాని సారము తీరదు.

లాటిను భాషలో దీని మూలధాతువునకు ప్రార్థించుట అని అర్థము. వేడుకొనగా లభించి, ఇచ్చినవాడు తలచినపుడు మరల తీసికొనదగిన దానిని రోమనుల న్యాయశాస్త్రము ‘ప్రికేరియమ్’ అనెను. 17వ శతాబ్దమున ఇంగ్లీషులో చేరినపుడును ఈ మాటకు పరుల దయపై నిలిచినదనియే అర్థము. అపాయకరమను భావము తరువాత వచ్చినది.

అనంతపురము జిల్లా విడపనకల్లు ప్రాంతమున ఈ మాట నిండు అర్థము బోధపడును. 1876–78 నాటి ధాత కరవును చవిచూచిన సీమ ఇది. నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి బలము తగ్గును. జిల్లాలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అయినను రైతునకు సగటుతో పని లేదు. నల్లరేగడిలో శనగ విత్తవలెనన్న అదను, పదను రెండును కూడవలెను. అదను దాటి కురిసిన వాన లెక్కకు వచ్చును గాని గాదెకు రాదు.

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెరుక అని మన సామెత. వానకై విరాటపర్వము చదివించుట తెలుగునాట పాత ఆచారము. లాటిను మాటకు ఇంతకన్న వ్యాఖ్య యేల? రైతు నోట ‘దైవాధీనము’ అను మాట ఉండనే యున్నది.

ఇక వాడుక. మాట తప్పు మనిషిని, మొరాయించు యంత్రమును ‘అన్‌రిలయబుల్’ అనవచ్చును. ‘ప్రికేరియస్’ అనుట పొసగదు. ఇది పరాధీనమైన స్థితిని తెలుపును. నోటిమాట కౌలుపై దున్నువాని సేద్యమునకు ఇది రెండు విధముల తగును: నేల భూస్వామి దయ, నీరు వాన దయ.

ఈ భేదము నిఘంటువులకు మాత్రమే చెందినది కాదు. పంట పోయి అప్పు నిలిచినపుడు, ‘ఆ రైతు నమ్మదగినవాడు కాడు’ అనుట సులభము. తప్పినది వాన, అపవాదు రైతునకు. అతని స్థితిని తెలుపు మాటను అతని గుణముగా ఎంచరాదని మా మనవి.