చలువయంత్రమునకు మంచు పట్టుట



మన గ్రామములనుండి పలువురి బిడ్డలు అమెరికా దేశమునకు పోయి యచ్చటనే కాపురముండుట మీరెరిగినదే. వారిని చూచుటకై వేసవిలో వెళ్ళిన తల్లిదండ్రులు పగలెల్ల పసిపిల్లలతో ఇంట నుందురు. అట్టివారికి ఉపకరించునని నా అనుభవ మొకటి మనవిచేయుచున్నాను.

2023వ సంవత్సరము జూలైలో నేను టెక్సాసు రాష్ట్రమందలి డాలసు నగరమున మా కుమారునింట నుంటిని. అచ్చట గదికొక చలువయంత్ర ముండదు, ఇల్లంతటికి ఒక్కటే. అది ఇంటిలోని వేడిగాలిని ఒక పెద్ద జాలీగుండ పీల్చి, ఫిల్టరను గాలిజల్లెడలో వడగట్టి, అటకపైనున్న చల్లని గొట్టపుచుట్ట మీదుగా నడపి, గదిగదికిని పంపును.

ఒకనాటి మధ్యాహ్నము గాలి సన్నగిల్లెను. వెలుపల 100 డిగ్రీల ఫారన్‌హీటుకు మించిన యెండ. ఏడాది నిండని మనుమడు చెమటతో ఏడ్వసాగెను. చల్లదనము చాలలేదు గాబోలునని నేను గోడమీది థర్మోస్టాటును 76 నుండి 68 డిగ్రీలకు దించితిని. కొంతసేపటికి గాలి బొత్తిగా నిలిచి, పైకప్పునుండి నీరు బొట్లుగా కారెను. కుమారుడు వచ్చి అటకెక్కి చూడగా, గొట్టపుచుట్టయంతయు తెల్లని మంచుతో కప్పబడియుండెను.

అంత యెండలో మంచెట్లు గట్టెను? కొత్తకుండలో నీరు చల్లబడుట చూడుడు. కుండపై చెమ్మ ఆవిరియగుచు వేడిమిని గొనిపోవును. యంత్రమందును అంతే. గొట్టములోని ద్రవము ఆవిరియగుచు, పైనుండి పోవు గాలిలోని వేడిమిని గ్రహించును. చుట్ట సాధారణముగా సుమారు 40 డిగ్రీల ఫారన్‌హీటున నుండును. గాలిలోని చెమ్మ దానిపై నీరై కారిపోవును. వేడిగాలి చాలినంత రానియెడల చుట్ట 32 డిగ్రీలకు దిగిపోవును. ఆ నీరే మంచగును. ఆ మంచు గాలిదారిని మరింత మూయును. కావున మంచు పట్టినపుడు థర్మోస్టాటును దించుట రోగమును పెంచుటయే.

రెండవ కారణము ద్రవము తగ్గుట. కొండలపై గాలి ఒత్తిడి తక్కువగుటచే నీరు తక్కువ వేడికే మరగును గదా. అట్లే గొట్టములో ఒత్తిడి తగ్గినచో ద్రవము మరింత చల్లని స్థితిలోనే ఆవిరియై మంచు పుట్టించును. అది దీపపు నూనెవలె ఖర్చగునది కాదు. తగ్గెనన్న ఎచ్చటనో కారుచున్నదన్నమాట. చిల్లి పూడ్పింపక యేటేట నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే. ఆ పని పరీక్ష నెగ్గిన మెకానిక్కే చేయవలెనని అచ్చటి చట్టము.

మా యింట దోషము నాదే. కరెంటు పొదుపగునని నాలుగు గదుల గాలికంతలను మూసితిని. నా పెట్టెను పెద్ద జాలీకి ఆనించి పెట్టితిని. ఫిల్టరు సైతము దుమ్ముతో కంబళివలె దట్టమైయుండెను.

ఇట్టిది సంభవించిన మొదట చల్లబరచు మీటను ఆపి, ఫ్యానును మాత్రము నడువనిండు. నీరు విద్యుత్తు తీగలదరి కారుచున్నచో ఇంటి కరెంటు పెట్టెలో యంత్రపు స్విచ్చి నాపుడు. మంచును కత్తితో గోకకుడు, గొట్టము చిల్లిపడును. కరుగుటకు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. అందాక పసివారిని, ముసలివారిని చల్లని చోటికి చేర్చుడు. పిమ్మట ఫిల్టరు మార్చి, కంతలన్నియు తెరువుడు. మరల మంచు పట్టినచో యంత్ర మాపి మెకానిక్కును పిలువుడు. ఏలనన, ఆవిరికాని ద్రవము వెలుపలి కంప్రెసరులోనికి పోయి దానిని చెరుపును. యంత్రమందు మిక్కిలి వెలగల భాగ మదియే.

ఆ రాత్రి మనుమని పొరుగువారింట పరుండబెట్టితిమి. తెల్లవారునప్పటికి మంచు కరగెను. కొత్త ఫిల్టరు పెట్టి, నా పెట్టె తొలగించి, కంతలు తెరువగా మధ్యాహ్నమునకు ఇల్లు చల్లబడెను. ఆ వేసవిలో నెలకొకమారు ఫిల్టరును వెలుతురున కెత్తి చూచుట నా వంతు పనియైనది.

చల్లదనము గోరువారు వేడిగాలికి దారి విడువవలెనని నేను నేర్చుకొంటిని.