విశ్వవిద్యాలయములలో వైకల్యవిద్య

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయములలో మేము చేసిన ప్రసంగ పాఠము)



1923 నాటి కార్మిక నష్టపరిహార శాసనమున మనుష్యుని వ్రేళ్లకు లెక్క కట్టిరి. చూపుడువ్రేలు మొదలంట పోయినచో సంపాదనశక్తిలో నూటికి 14 పాళ్లు నష్టము, బొటనవ్రేలికి 30, చిటికెనవ్రేలికి 7. మా చూపుడువ్రేలు పోయినను మేము వాదింపగలము. వ్రాతకు గుమాస్తా కలడు. కోరుట్లలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టు తల్లి ఆ వ్రేలు పోగొట్టుకొనినచో, మిగిలిన 86 పాళ్లతో నేమి చుట్టగలదు? పట్టికలో మాత్ర మిద్దరకు నొకటే అంకె.

కొన్నేండ్ల క్రిందట సిరిసిల్లనుండి ఒక సాంచల కార్మికుడు మాయొద్దకు వచ్చెను. కుడిచేతి వ్రేళ్లు యంత్రమున నలిగినవి. తెగిన పోగు నతుకలేడు గనుక ఆసామి పని మాన్పించెను. వైద్యుల పత్రమున 40 శాతమునకు తక్కువ పడెను గనుక పింఛను రాలేదు. వైద్యుని లెక్కలో అతడు వికలాంగుడు కాడు. ఆసామి లెక్కలో పనివాడు కాడు. ఈ రెండు లెక్కల నడుమ అతని సంసారము నలిగినది. మేమును తప్పు చేసితిమి. పత్రమును చదివితిమి గాని, ఆ చేతిని సాంచముందు నిలిపి చూడలేదు. స్వల్పమొత్తమునకు రాజీ కుదిరినది.

చూడదగిన మార్గము లేకపోలేదు. 1968లో ఒడిషాలోని జయపురమున సినిమాశాల పనిలో ఒక వడ్రంగి క్రిందపడి ఎడమచేయి పోగొట్టుకొనెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక నష్టము సంపూర్ణమని 1975లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. దేహమును కాదు, పనిని చూచినది.

అయితే ఆ పనిని కోర్టునకు చెప్పగల వారెవరు? డాక్టరునకు ఎముక తెలియును, ఇంజనీరునకు యంత్రము, అర్థశాస్త్రజ్ఞునకు కూలి. కుంటి, గుడ్డి యను మాటలు తిట్లెట్లయినవో భాషాపండితునకు తెలియును. వీరు ఒక బల్లచుట్టు కూర్చుండుటయే వైకల్యవిద్య. ఆ 1975లోనే ఇంగ్లండులోని ఓపెన్ యూనివర్సిటీ ఇట్టి పాఠ్యక్రమము నారంభించెను. తరువాత దానిని తీర్చిన వారిలో విక్ ఫింకెల్‌స్టీన్ ఒకరు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నెదిరించి చెరసాల కేగిన చక్రాలకుర్చీ మనిషి. వికలాంగుడు పాఠములోని వస్తువు కాక పాఠము చెప్పువాడైనచో విషయమే మారునని మా నమ్మకము.

మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 47వ సెక్షను న్యాయవాదుల, న్యాయాధిపతుల, పోలీసుల శిక్షణలో ఈ హక్కులను చేర్చుమనుచున్నది. ఉపాధ్యాయుల, వైద్యుల, నర్సుల చదువులలో వైకల్యము నొక భాగము చేయుమనుచున్నది. మేము న్యాయశాస్త్రము చదివిననాడు దీని నొక్క పుటయైన చదువలేదు. 32వ సెక్షను ఉన్నతవిద్యలో నూటికి 5 సీట్లకు తక్కువ కాకుండ నిచ్చినది. సీటిచ్చి తరగతిని మేడమీద పెట్టినచో ఏమి లాభము?

జగిత్యాలలో ఒక పెద్దమనిషి, నిరుద్యోగులకు మరియొక డిగ్రీయా యని అడిగిరి. డిగ్రీ కాదండీ, ప్రతి చదువులోను ఒక పాఠము. కరీంనగరమున 2008లో వెలసిన శాతవాహన విశ్వవిద్యాలయ మున్నది. కొండగట్టు చెంత ఇంజనీరింగు కళాశాల, పొలాసలో వ్యవసాయ కళాశాల ఉన్నవి. ఒక్క సంవత్సరము ఈ మూటి విద్యార్థులను కలిపి సిరిసిల్ల సాంచల నడుమ నిలుపుడు. మూడు వ్రేళ్లతో పోగు నతుకు సాధనము వారికి తోచునేమో!

ఆ కార్మికుడిప్పుడు కండెలు చుట్టుచున్నాడు. కూలి మునుపటికంటె తక్కువ. మొన్నటి సిరిసిల్ల సభలో వెనుకవరుసలో కూర్చుండెను.